ద్రవ్య ప్రభావం: దృష్టమెంత, అదృష్టమెంత?



దివిసీమ మొదలు గుడివాడ వరకు ఏ ఆలయానికి వెళ్ళినా నేడు అర్చకునికి ఒక ప్రశ్న ఎదురవుతున్నది. ఘంటసాల చెంతనున్న శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు సన్నిధి కావచ్చు, మొవ్వ గోపాలుని ఆలయం కావచ్చు, కృష్ణవేణి సాగరంలో కలిసే హంసలదీవి కావచ్చు. తీర్థం పుచ్చుకొని, తడి చేతిని శిరస్సుకు రాసుకుంటూ, చదువుకున్న యువకుడు అడుగుతాడు: "పంతులుగారూ, దీనికి శాస్త్రీయ కారణం ఏమిటండీ?"

ప్రశ్నలో దోషం లేదు. జిజ్ఞాస ఆస్తికునికి భూషణమే. దోషం తరచుగా సమాధానంలో ఉంటున్నది. రాగి పాత్రనుండి తరంగాలు వెలువడతాయని, గంటానాదం మెదడులోని రెండు భాగాలనూ కలుపుతుందని, గర్భగృహం భూమి అయస్కాంత రేఖల కూడలిలో నిర్మింపబడినదని, ఎవరో చెప్పగా విన్న మాటలు, ఫోనులో వచ్చిన మాటలు, వేదాధ్యయనం చేసిన నోటినుండి వెలువడుతున్నవి. అడిగినవాడు ఇంటికి వెళ్ళి విచారించి, ఆ మాటకు ఆధారం లేదని తెలుసుకొన్ననాడు, ఆ ఒక్క మాటను విడిచిపెట్టి ఊరుకోడు. అర్చకుడు చెప్పిన సత్యాలను కూడ దానితోపాటే విడిచిపెడతాడు. ఈ నష్టం చిన్నది కాదు.

'శాస్త్రీయం' అనే పదం విషయంలోనే ముందుగా కొంత విచారణ అవసరం. నేటి వాడుకలో ఆ మాటకు ప్రయోగశాలలో నిరూపితమైనది అని అర్థం. సంప్రదాయంలో ఏ శాస్త్రానికైనా అనుబంధ చతుష్టయం చెబుతారు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఈ శాస్త్రం దేనిని గురించి, ఎందుకు, ఎవరికొరకు అనేవి నిర్ణయించుకొన్న తరువాతనే గ్రంథం ఆరంభమవుతుంది. రసాయన శాస్త్రానికీ, అర్థశాస్త్రానికీ, పూర్వమీమాంసకూ ఈ నియమం సమానమే. ఒకే వస్తువును పది శాస్త్రాలు పరిశీలించవచ్చు. పదింటికీ కనబడే ఫలాలు పది. వాటిలో ఒకదాని ఫలాన్ని తెచ్చి మరొకదానికి ప్రమాణంగా చూపటంలోనే చిక్కంతా ఉన్నది.

ఇందుకు వడ్లగింజకన్న మంచి ఉదాహరణ ఈ సీమలో దొరకదు.

దర్శపూర్ణమాసేష్టిలో పురోడాశానికి వ్రీహులు ద్రవ్యం. ఆ వ్రీహుల విషయంలో వేదం విధించిన పనులలో రెండు ఇక్కడ ముఖ్యం: వాటిపై నీళ్ళు ప్రోక్షించటం, వాటిని రోటిలో దంచటం. అర్థసంగ్రహం పాఠం చెప్పుకొన్న ప్రతి విద్యార్థికీ ఈ ఘట్టం పరిచితమే. దంచితే ఊక పోతుంది. ఇది కంటికి కనబడే ఫలం, దృష్టం. అయితే ఊక పోగొట్టటానికి దంచటమొక్కటే మార్గం కాదుగదా. గోటితో ఒలవవచ్చు, రాతిమీద నలపవచ్చు. ఫలం అదే. మరి దంచటమే చేయాలని విధి ఎందుకు? ఊక పోవటమనే ఫలాన్ని మీమాంసకులు దృష్టంగానే ఉంచి, 'దంచియే తీయాలి' అన్న నియమానికి మాత్రం ఒక అదృష్ట ఫలాన్ని అంగీకరించారు. దానికి నియమాపూర్వమని పేరు. ప్రోక్షణ విషయంలో అలా కాదు. నాలుగు చుక్కలు చల్లినందువలన గింజలో కంటికి కనబడే మార్పు ఏదీ లేదు. అక్కడ ఫలం పూర్తిగా అదృష్టమే.

ఇందులోని నిజాయితీని గమనించాలి. దృష్టఫలం లభించేచోట అదృష్టాన్ని కల్పించరాదని మీమాంసకులు తమకు తామే కట్టుబాటు విధించుకొన్నారు. కనబడని ఫలాన్ని ఇష్టం వచ్చినచోట ఊహించే స్వేచ్ఛ వారికి లేదు. ప్రోక్షణవలన గింజ గట్టిపడుతుందనో, క్రిములు నశిస్తాయనో ఎవరూ వ్రాయలేదు. వ్రాయటం వారికి కష్టమా? కాదు. ఆ మాట అవసరమని వారికి తోచలేదు.

ఇప్పుడు అదే గింజను మరొక శాస్త్రం చూసిన తీరు. 1855లో బెజవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ డెల్టా వరిసీమగా మారింది. ఆపైన యంత్రపు మిల్లులు వచ్చినవి. గుడివాడ వంటి పట్టణాలు ధాన్యపు వ్యాపారంతోనే పెరిగినవి. రోలు, రోకలి మూలకు చేరినవి. దంపుడు కూలితో బ్రతికే స్త్రీలకు ఆ కూలి పోయింది. అర్థశాస్త్రజ్ఞునికి మిల్లు బియ్యం యొక్క ప్రభావమంటే ముందు గుర్తుకు రావలసినది అదే. వైద్యులకు కనబడినది వేరు. తీరాంధ్ర జిల్లాలు, అనగా నాటి ఉత్తర సర్కారులు, బెరిబెరి వ్యాధికి నిలయమని ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో పేరుపడినవి. కాళ్ళు తిమ్మిరెక్కటం, వాపు, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. చనుబాలు త్రాగే పసికందులు తల్లికి తెలియకుండానే కన్నుమూసేవారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో మెక్‌కారిసన్, ఆయన తరువాత అక్రాయిడ్, కృష్ణన్ ప్రభృతులు ఈ విషయాన్ని పరిశీలించారు. మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలపై అక్రాయిడ్, కృష్ణన్ల వ్యాసం 1941 నాటిది. ఆ పరిశోధనశాలయే 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది.

వారు చూపిన కారణం సులభమైనది. ఇక్కడివారు పచ్చి వడ్లను మిల్లులో తెల్లగా పాలిషు పట్టించి తింటారు. తమిళ దేశంలో ఎక్కువమంది ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లను ముందుగా ఉడికించినప్పుడు తవుడులోని విటమిన్ బి1 కొంత గింజలోపలికి ఇంకుతుంది. తరువాత మిల్లు పట్టినా అది పూర్తిగా పోదు. అందుచేత అక్కడ ఆ వ్యాధి అరుదు, ఇక్కడ బహుళం. ఆ విటమిన్‌ను 1936లో కృత్రిమంగా నిర్మించిన రాబర్ట్ విలియమ్స్ 1886లో మన నెల్లూరులోనే జన్మించాడు, క్రైస్తవ మిషనరీల కుమారుడు. ఈ సంగతి తెలుగువారిలో తెలిసినవారు తక్కువ.

ఈ వృత్తాంతంలో తత్త్వజిజ్ఞాసువులు ఆగి చూడవలసిన ఘట్టం ఇంకొకటి ఉన్నది. జావాలోని బటావియాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు, సైనిక వైద్యశాల వంటశాలలో మిగిలిన తెల్లన్నం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవటం చూశాడు. తవుడున్న బియ్యం పెట్టగానే అవి కోలుకొన్నవి. ఆయన ఏమనుకొన్నాడు? తెల్లన్నంలో ఏదో విషం ఉన్నదనీ, తవుడు దానికి విరుగుడనీ అనుకొన్నాడు. ఆయన తరువాత అదే పని చేపట్టిన గ్రైన్స్ 1901లో మరొక విధంగా నిర్ణయించాడు: విషమేదీ లేదు, ఉండవలసినది లేకపోవటమే వ్యాధికి హేతువు. చూసిన దృశ్యం ఇద్దరిదీ ఒకటే. ఒకరు భావపదార్థాన్ని వెదికారు, మరొకరు అభావాన్ని గుర్తించారు. వైశేషికులు అభావాన్ని ఏడవ పదార్థంగా ఎందుకు లెక్కపెట్టారో, భాట్టులు అనుపలబ్ధిని ప్రత్యేక ప్రమాణంగా ఎందుకు అంగీకరించారో తర్కపాఠంలో విద్యార్థికి వెంటనే మనసుకు పట్టదు. లేనిది కూడ జ్ఞానానికి విషయం కాగలదు, లేకపోవటం కూడ ఒక ఫలానికి లెక్కింపదగినది కాగలదు. బటావియా కోళ్ళ కథ చెప్పి ఆ పాఠం మొదలుపెడితే బాగుంటుంది.

ఇక అసలు ప్రలోభం ఇక్కడనే ఉన్నది. "చూశారా, మన ఋషులు దంచమన్నది విటమిన్ పోకుండా ఉండటానికే!" అని సభలలో చెప్పేవారున్నారు. వినటానికి ఇంపుగా ఉంటుంది, చప్పట్లు కూడ పడతాయి. కానీ ఆ మాట ఒప్పుకొంటే ఏమవుతుందో ఆలోచించాలి. విటమిన్ రక్షణయే విధికి ప్రయోజనమైతే, అంతకన్న బాగా రక్షించే ఉప్పుడు బియ్యాన్నే పురోడాశానికి విధించి ఉండాలి. విటమిన్ మాత్ర వచ్చిననాడు దంచే విధికి పని లేకుండా పోవాలి. దృష్టఫలం మీద నిలబెట్టిన కర్మ, అదే ఫలాన్నిచ్చే సులభోపాయం దొరకగానే కూలిపోతుంది. ధర్మానికి బలం చేకూరుస్తున్నామనుకొంటూ దాని పునాదిని మరొకరి స్థలంలోకి మార్చటమే ఇది. దంపుడు బియ్యంలో తవుడు కొంత మిగులుతుంది, అది ఆరోగ్యానికి మంచిది. ఇది సత్యం. ఆ మాటను వైద్యుని మాటగా చెప్పాలి, వేదవిధికి హేతువుగా చెప్పరాదు.

తీర్థపు రాగి పాత్ర విషయం కూడ ఇటువంటిదే. రాగి పాత్రలో నిలవ ఉంచిన నీటిలో అతిసారాన్ని కలిగించే సూక్ష్మజీవులు నశిస్తాయని బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రకటించారు. ఆ నీటిని వారు 16 గంటలు ఆ పాత్రలో ఉంచారు. ఆలయంలో అభిషేక జలం ఎంతసేపు ఉంటుంది? ఉద్ధరిణెడు తీర్థంలో ఎన్ని చుక్కలుంటాయి? చాలాచోట్ల ఆ పాత్ర వెండిది కూడ. పరిశోధన సత్యమే, తీర్థం పవిత్రమే. మొదటిదానిని రెండవదానికి సాక్ష్యంగా పిలవటం మాత్రం తగదు.

ఇక్కడ ఆయుర్వేదంలోని 'ప్రభావం' అనే మాటను కూడ స్పష్టం చేసుకోవాలి, ఎందుకంటే నేడు అది అన్ని ఇబ్బందులకూ అడ్డుపెట్టే తెర అయిపోయింది. ద్రవ్యగుణ విజ్ఞానంలో ఔషధం పనిచేసే తీరును రస, గుణ, వీర్య, విపాకాల ద్వారా వివరిస్తారు. దంతి, చిత్రమూలం రెండింటికీ కటురసమే, కటువిపాకమే, ఉష్ణవీర్యమే. అయినా దంతి విరేచనకారి, చిత్రమూలం కాదు. రసాది లెక్కలకు అందని ఈ విశేష శక్తికి చరకుడు ప్రభావమని పేరు పెట్టాడు. గమనింపదగినదేమంటే, విరేచనం అక్కడ ప్రత్యక్షం. ఫలం కనబడుతున్నది, కారణమే లెక్కకు అందటం లేదు. 'ఇక్కడితో మా సూత్రాలు ఆగినవి' అని ఒప్పుకొన్న వైద్యుని వినయం ఆ మాటలో ఉన్నది. మీమాంసకుని అపూర్వం దీనికి తలక్రిందులు. అక్కడ కారణమైన కర్మ ప్రత్యక్షం, ఫలం కనబడదు, శబ్దప్రమాణంచేత తెలియాలి. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, ఫలమూ కనబడక కారణమూ తెలియని చోట 'వస్తు ప్రభావం' అని చెప్పి తప్పించుకొనే అలవాటు ఏ సంప్రదాయానికీ చెందినది కాదు.

వస్తువు యొక్క ప్రభావం వస్తువులోనే ఉన్నదా? ఈ ప్రశ్నకోసం మన పూర్వులు శతాబ్దాలపాటు వాదించుకొన్నారు. ఘంటసాలలో స్తూపశిథిలాలు, గుడివాడలో పాతదిబ్బ నేటికీ కనబడతాయి. ఒకనాడు ఈ సీమ బౌద్ధానికి నెలవు. బౌద్ధాచార్యుడైన ధర్మకీర్తి, అర్థక్రియా సామర్థ్యం కలదే సత్తు అన్నాడు. ఏదో ఒక పని చేయగలిగినదే ఉన్నట్లు, ఏ ఫలమూ కలిగించలేనిది లేనట్లే. ఆ మార్గంలోనే వారు గాదెలోని విత్తును, పొలంలోని విత్తును ఉదాహరించారు. గాదెలోనిది మొలకెత్తదు, పొలంలోనిది మొలకెత్తుతుంది. కనుక రెండూ ఒకే వస్తువు కాదు, ప్రతిక్షణం వస్తువు వేరవుతున్నదని వారి సిద్ధాంతం. నైయాయికులు ఒప్పుకోలేదు. విత్తు ఒకటే, నేల, నీరు, వేడిమి అనే సహకారి కారణాలు కలిసినప్పుడు ఫలిస్తుంది, కలియనప్పుడు ఊరక ఉంటుంది అన్నారు. ఉదయనాచార్యుడు ఆత్మతత్త్వవివేకంలో ఈ పక్షాన్నే సమర్థించాడు. జూన్‌లో కాలువకు నీరు వదిలేవరకు విత్తనాల బస్తాను ఇంట్లో దాచుకొనే రైతు, ఎవరు చెప్పకున్నా, ఉదయనుని పక్షానే ఉన్నాడు.

శాస్త్రాల భేదాన్ని అర్థం చేసుకోవటానికి ఈ సహకారి అనే మాట చాలు. వస్తువు ఒకటే అయినా, ప్రతి శాస్త్రమూ తన సహకారులను తాను ఎంచుకొంటుంది. రసాయనవేత్తకు ఉష్ణోగ్రత, ద్రావణం సహకారులు. వైద్యునికి దేహం, అర్థశాస్త్రానికి అంగడి, చట్టానికి హక్కుగల వ్యక్తి. తమిళనాడులోని పత్తూరు నటరాజ విగ్రహం లండను చేరినప్పుడు అక్కడి అప్పీలు న్యాయస్థానం 1991లో ఆలయాన్ని వ్యాజ్యం వేయగల న్యాయవ్యక్తిగా అంగీకరించింది, విగ్రహం తిరిగి వచ్చింది. ప్రదర్శనశాలలో ఉంటే ఆ కంచు మూర్తి కళాఖండం, సంతలో ఉంటే సరుకు, సన్నిధిలో స్వామి. లోహం మాత్రం మారలేదు.

బందరు అద్దకపు వస్త్రం ఈ విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపుతుంది. కలంకారీ అని లోకమంతా పిలిచే ఆ పనికి నేడు పెడన ముఖ్య స్థానం. వస్త్రాన్ని ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరవేస్తారు. ఇనుపముక్కలు, బెల్లం పులియబెట్టిన ద్రావణంతో అచ్చు వేస్తే, కరక్కాయ వగరుతో కలిసి అది నల్లబడుతుంది. ఎరుపు రావలసినచోట పటిక నీటితో అచ్చు వేస్తారు. అప్పటికి అక్కడ ఎరుపు లేదు. తరువాత కాలువలో జాడించి, చిరివేరు మరిగే గంగాళంలో వేసి ఉడికిస్తే పటిక తాకినచోటనే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట అంటిన రంగు ఉతుకులో, ఎండలో వెళ్ళిపోతుంది. గంగాళం ఒకటే, నీరు ఒకటే, వేరు ఒకటే. సంస్కారం పొందిన చోటు వేరు, పొందని చోటు వేరు.

రసాయన శాస్త్రం దీనిని పూర్తిగా విప్పి చూపింది. చిరివేరులోని అలిజరిన్ అనే పదార్థం పటికలోని అల్యూమినియంతో బంధం ఏర్పరచుకొంటుంది, సున్నపు అంశం దానికి తోడ్పడుతుంది. 1868లో జర్మనీలో గ్రేబే, లీబర్మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశారు. వేరు త్రవ్వేవారి జీవనం దానితో క్షీణించింది. నేడు పెడనలో కూడ చాలాచోట్ల ఉడికే గంగాళంలో పడేది ఆ కృత్రిమ అలిజరినే. రసాయనవేత్తను అడిగితే రెండు ఎరుపులకూ మూలపదార్థం ఒకటే అంటాడు, సత్యమే అంటాడు.

చరిత్రకారుడు చూసే ప్రభావం మరొకటి. గోలకొండ సుల్తానుల రేవుగా బందరు పారసీకానికి వస్త్రాలు పంపింది. కలంకారీ అనే పేరే పారసీకం. డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, ఆపైన ఫ్రెంచివారు ఈ రేవుకు వచ్చినది ప్రధానంగా ఈ తీరపు వస్త్రాలకోసమే. ఉతికినా పోని ఆ రంగులు ఐరోపాలో ఎంతటి మోజు కలిగించినవంటే, అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించి 1759వరకు ఆ నిషేధం కొనసాగించింది. ఇంగ్లండు 1700లో ఒక చట్టం, 1721లో మరింత కఠినమైన చట్టం చేసింది. 1719లో లండనులో పట్టు నేతగాళ్ళు వీధిలో ఈ వస్త్రం కట్టిన స్త్రీలపై దాడి చేసి బట్టలు చించారు. ఒక గుడ్డముక్క పార్లమెంటుచేత చట్టం చేయించింది. రసాయనశాలలో ఎన్ని సంవత్సరాలు పరీక్షించినా ఆ ప్రభావం పటికలో కనబడదు, అలిజరిన్‌లో కనబడదు. వస్తువులకు కూడ సామాజిక జీవితం ఉన్నదని 1986లో అర్జున్ అప్పాదురై సంపాదకత్వంలో వచ్చిన గ్రంథం మొదలు, మానవశాస్త్రజ్ఞులు ఈ మార్గంలో ఎంతో కృషి చేశారు. వస్తువు చేతులు మారినకొద్దీ దాని అర్థమూ, శక్తీ మారతాయన్నది వారి పరిశీలన.

ఇక్కడ సాధకులు ఒక జాగ్రత్త పాటించాలి. పటికను చూపి, "ప్రోక్షణ కూడ ఇటువంటిదే, కనబడని మార్పు చేసి తరువాత ఫలం చూపుతుంది" అని చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. పిల్లలకు బోధించటానికి ఉపమగా అది ముచ్చటగానే ఉంటుంది. ప్రమాణంగా నిలవదు. పటిక చేసిన మార్పును గంగాళం బయటపెడుతుంది, ప్రోక్షణ చేసిన సంస్కారాన్ని బయటపెట్టే గంగాళం ఈ లోకంలో లేదు. ఉన్నదని చెప్పవలసిన అవసరమూ లేదు.

ఈ వివేకం ఎందుకింత ముఖ్యమో దివిసీమకు వెళితే తెలుస్తుంది. 1977 నవంబరు 19, శనివారం, కార్తిక శుక్లపక్షం. సుమారు అయిదు మీటర్ల ఎత్తున సముద్రం భూమిమీదికి వచ్చింది. ప్రభుత్వ లెక్కలలోనే మృతులు పదివేలకు చేరారు. అంతకు పూర్వం 1864 నవంబరు 1న ఇటువంటి ఉప్పెనయే బందరును ముంచి, సుమారు ముప్పైవేలమందిని పొట్టన పెట్టుకొన్నది. ఇటువంటి విపత్తు తరువాత మనుష్యులు కారణం వెదకుతారు, అది సహజం. ఎవరైనా ఒక కట్టడం నిలిచినందుకు దాని క్రింద ఉంచిన యంత్రపు ప్రభావమే కారణమని అంటే, ఆ మాటలో దాగిన రెండవ వాక్యాన్ని కూడ వినాలి: మునిగిపోయినవారికి ఆ రక్ష లేదు, వారి పూజలో లోపమున్నది అని. బిడ్డ చేయి జారిపోయిన తల్లి ఎదుట ఏ ఆస్తికుడూ పలుకరాని మాట అది. కర్మసిద్ధాంతం పేరు చెప్పి పలికినా పలుకరానిదే. ఎవరి ఏ కర్మ ఏ ఫలమిచ్చిందో నిర్ణయించే అధికారం మానవునికి ఏ శాస్త్రమూ ఇవ్వలేదు.

ఉప్పెనలో వస్తువుల ప్రభావాన్ని కొలిచే శాస్త్రాలు వేరే ఉన్నవి. ఒడిశాలో 1999 మహాతుపాను తరువాత సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఆర్థికవేత్తలు కేంద్రపడ జిల్లా గ్రామాల మరణాల లెక్కలను పరిశీలించారు. గ్రామానికీ సముద్రానికీ నడుమ మడ అడవి వెడల్పుగా ఉన్నచోట మరణాలు తక్కువని 2009లో వెల్లడించారు. ముందస్తు హెచ్చరిక అంతకన్న ఎక్కువ ప్రాణాలను కాపాడిందని కూడ వారే చెప్పారు. తమకు ప్రియమైన విషయానికి అనుకూలం కాని ఆ రెండవ మాటను దాచుకోలేదు. కృష్ణా ముఖద్వారంలో, నాగాయలంక దిగువన సొర్లగొంది వైపు మడ అడవులు నేటికీ ఉన్నవి. వాటిని నరకవద్దని చెప్పటానికి అర్చకునికి పురాణప్రమాణం వెదకే పని లేదు, ఆ లెక్కలు చాలు. సాగరస్నానానికి హంసలదీవి వచ్చే భక్తులకు మైకులో సంకల్పం చెప్పించేటప్పుడు ఆ ఒక్కమాట కూడ చేర్చవచ్చు.

మరి దేవతార్చనలో వస్తువుల ప్రభావం మాటేమిటి? అర్చకుడు మౌనం వహించాలా? అవసరం లేదు. తన శాస్త్రం తనకు ఉన్నది. ఆగమం చెప్పిన ద్రవ్యం, మంత్రం, విధి, భక్తుని భావం, ఇవి ఇక్కడి సహకారులు. వీటి కలయికలో ఫలం ఉన్నదని శబ్దప్రమాణం చెబుతున్నది. దానిని అంగీకరించేవాడు అధికారి. అంగీకరింపనివానిపై కోపించే పని లేదు, వానికి తప్పుడు భౌతికశాస్త్రం చెప్పి లొంగదీసే పని అంతకన్న లేదు. నిజానికి ప్రయోగశాల మాటలతో ఒప్పింపబడినవాడు భక్తుడు కాడు, మరుసటి పరిశోధన వెలువడేవరకు వేచి ఉన్న అతిథి మాత్రమే. ఈ మాట కొందరు పెద్దలకు రుచించకపోవచ్చు. యువతను ఆలయానికి రప్పించాలంటే వారి భాషలోనే చెప్పాలి అని వారి వాదం. భాష మార్చవచ్చు, అభ్యంతరం లేదు. సత్యాన్ని మార్చకుండా.

ఉదాహరణకు అక్షతలు తీసుకుందాము. విరగని పచ్చి బియ్యం, పసుపు, కొంచెం నెయ్యి లేదా నీరు. పెద్దలు ఆశీర్వదించి తలపై చల్లుతారు. పసుపుకు క్రిములను అణచే గుణం ఉన్నది కనుక చల్లుతారు అని చెప్పటం సులభం. తలమీద పడి, భుజం మీదుగా నేలమీదికి జారే నాలుగు గింజల పసుపు ఏ క్రిమిని అణచగలదు? అడిగిన యువకుడికి ఆ సంగతి తెలుసు, మర్యాదకొరకు తల ఊపుతాడు. దానికి బదులు అర్చకుడు ఇలా చెప్పవచ్చు: "నాయనా, ఈ గింజలవలన నీ శరీరంలో కొలవదగిన మార్పు ఏదీ ఉండదు. క్షతం కానిది అక్షతం. నీ ఆయువు అలా ఉండాలని పెద్దలు కోరుతున్నారు. మంత్రంతో కూడిన ఆ కోరికకు ఫలం ఉన్నదని మా శాస్త్రం చెబుతున్నది, నేను నమ్ముతాను."

అప్పుడతడు మరొక ప్రశ్న అడగవచ్చు. ఆ శాస్త్రాన్ని ఎందుకు నమ్మాలి అని. దానికి సమాధానం ప్రసాదం వరుస కదులుతూ ఉండగా చెప్పదగినది కాదు. శబ్దం ప్రమాణమా కాదా అన్న చర్చకు సాయంసంధ్య ముగిసిన తరువాత మంటపంలో ఒక గంటసేపు కావాలి, ఒక దీపం కావాలి. అతడు రెండవరోజు కూడ వస్తే, అర్థసంగ్రహం మొదటి పుటను తెరవవచ్చు.